నెల రోజులు కదలకుండా

మా మేనత్త జంపక్కకు పామంటే భయం లేదు, ఎలుగుబంటి అంటే భయం లేదు. మిరపచేనులో మొదటి కోత అంటేనే భయం. రెండో కోతకు కాయ చెట్టు మీదే కొంత ఎండి మెత్తబడుతుంది, వేళ్ళకు తెలిసిపోతుంది. మొదటి కోతలో అలా కాదు. పండుకాయా పచ్చికాయా ఒకే బిగువుగా ఉంటాయి. రంగు చూసే కోయాలి. అత్త రెండు కళ్ళకూ తెల్లటి పొర కమ్మింది. ఎదురుగా ఉన్న మనిషి నీడలా తెలుస్తాడు గానీ రంగు తెలియదు.

చూపు కాస్త తగ్గిందని మా గూడెంలో అందరూ అనుకుంటారు. ఎంత తగ్గిందో నాకొక్కదానికే తెలుసు. మేస్త్రి రాంబాబుకు తెలిస్తే ట్రాలీ ఆటో ఎక్కనివ్వడు. రోజూ టేకులపల్లి దగ్గర మమ్మల్ని ఎక్కించుకుని తిరుమలాయపాలెం చేలల్లో దించేది అతనే. అత్తకు భర్త లేడు, పిల్లలు లేరు. ఈ మిరప కూలీ మీదే ఆమెకు వానాకాలం దాకా గింజలు. అది పోతే పస్తే.

ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా అని మీరంటారు. అందరూ అదే అంటారు. కంటి క్యాంపులో డాక్టరూ అదే అన్నాడు. పైసా ఖర్చు లేదు, బండిలో తీసుకెళ్ళి బండిలో దింపుతాం, ఆ తర్వాత నెల రోజులు పొయ్యి దగ్గరకు పోవద్దు, వంగొద్దు, దుమ్ములో తిరగొద్దు అన్నాడు.

"నెల పండుకుంటే నాకెవరు పెడ్తరు సారూ?" అని అత్త అడిగింది. దానికి ఆయన దగ్గర మందు లేదు. మిరప తర్వాత ఇప్పపువ్వు, దాని వెంటనే తునికాకు, వానలు పడితే నాట్లు. ఖాళీ నెల ఏదో మీరే చెప్పండి, రేపే చేయిస్తాను.

అందుకని మేమిద్దరం పక్కపక్క సాళ్ళు పట్టేవాళ్ళం. ఆమె తడిమి కోస్తుంది. గంప నిండేలోపు నేను చేయి పెట్టి పచ్చివి ఏరేస్తాను. పచ్చికాయ కలిస్తే ఎండాక తెల్లబడి తాలు అవుతుంది, ఖమ్మం మార్కెట్లో ధర పడిపోతుంది. ఏ రైతూ ఊరుకోడు.

ఆ రోజు మొదటి కోతే. చేను యజమాని తల్లి ప్రమీలారాణి గారు కల్లం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. ఆవిడకు ఈ మధ్యే ఖమ్మంలో కళ్ళ ఆపరేషన్ అయింది. కొత్త చూపు కదా, చీమను కూడా వదలడం లేదు. దానికి తోడు రాంబాబు వచ్చాడు.

"దుర్గా, కల్లంల కాయ ఆరబొయ్యాలె. నువ్వు రా."

"మా అత్త పక్క సాలు నాది."

"సాలు ఎటూ పోదు తియ్. జల్దీ రా."

వెళ్ళక తప్పలేదు. చేతులు కాయ పరుస్తున్నాయన్న మాటే గానీ ప్రాణమంతా చేనులోనే ఉంది. అత్త గంప రాగానే ఎదురెళ్ళి అందుకోవాలి, కుప్ప వెనక పోసేసి పచ్చివి ఏరేయాలి అనుకున్నాను. ఎవరు వచ్చినా తలెత్తి చూస్తూనే ఉన్నాను. చివరికి వచ్చింది, గట్టు మీద కాలితో దారి వెతుక్కుంటూ. నేను సగం దూరం వెళ్ళానో లేదో, పెద్దావిడ పిలిచారు.

"ఏమ్మా, ఇటు తీసుకురా. నా ముందు పొయ్."

అత్త పోసింది. సగానికి సగం పచ్చికాయలే.

"ఏంది జంపక్కా, గిట్ల కోసినవ్?" అన్నాడు రాంబాబు.

"ఎండకు కండ్లు జిగేల్మన్నయ్ రాంబాబూ. గీ ఒక్క గంపనే."

పెద్దావిడ అత్త వంక పరీక్షగా చూశారు. "ఎండ కాదులే. తల పక్కకి వంచి చూస్తున్నావు. మొన్నటిదాకా నేనూ ఇట్టాగే చూసేదాన్ని. పొరలొచ్చినై కదూ?"

ఆ గొంతులో జాలి ఉంది. అమ్మయ్య అనుకున్నాను. అదే బాధ పడ్డ మనిషి, అర్థం చేసుకుంటుంది అనుకున్నాను. ఆవిడ రాంబాబు వైపు తిరిగారు.

"చూపు లేని మనిషిని చేలోకి తోలుకొస్తావా? ఏ పురుగో పుట్రో ముడితే ఆ పాపం మాకు కాదూ? రేపట్నుంచి తీసుకురామాక."

అత్త వంగి ఆవిడ కాళ్ళ కోసం వెతికింది. "అమ్మా, ఒక తాన కూసుండి తొడిమెలు తీస్త. దానికి కండ్లతోని పని లేదు."

"నీ మంచికే చెబుతున్నానమ్మా. ముందు ఆపరేషన్ చేయించుకో. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేశాను నేను. నెల రోజులు కదలకుండా కూర్చుంటే చాలు."

తన నల్ల కళ్ళద్దాలు తెప్పించి అత్త చేతిలో పెట్టారు. ఆ రోజుకు పూర్తి కూలీ కూడా ఇప్పించారు. కల్లంలో అందరూ ఎంత మంచి మనసో అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే. ఆ నెలంతా తనకు వండిపెట్టిందెవరో, కంట్లో చుక్కలు వేసిందెవరో ఆవిడకు గుర్తే లేదు. కడుపు నిండిన బేరం.

తిరుగు ట్రాలీలో అత్త ఆ కళ్ళద్దాలు నా ఒళ్ళో పడేసింది. "ఇవి పెట్టుకుంటె వేరే చేన్ల గూడ రానియ్యరు" అంది.

"ఇగ ఎక్కడైనా కష్టమే జంపక్కా. మాట పాకింది" అన్నాడు రాంబాబు.

మరునాడు పొద్దున ట్రాలీ ఆగే చోట అత్త నిలబడి ఉంది. చేతిలో సద్ది లేదు.

"దుర్గా, పని ఎట్లయినా పాయె. ఇప్పుడు ఖాళీనే గదా, కండ్లు చేపిచ్చుకుందామనుకుంటున్న. నెల దినాలు నాకింత గంజి పోస్తవా బిడ్డా?"

"పోస్త అత్తా" అన్నాను. వెంటనే అన్నాను, గొంతు గట్టిగా పెట్టి అన్నాను. నా ముఖం ఆమెకు కనపడదు కదా అన్న ధైర్యం. ఇంట్లో ఇద్దరు పిల్లలు. మా ఆయనకు పని దొరికిన రోజే పని.

అత్త నా భుజం తడిమింది. మా ఇళ్ళ మధ్య ఉన్నది ఒక్క తడకే.

"పొద్దుగాల నువ్వు బియ్యం తీస్తుంటె విన్న. గిలాస డబ్బా అడుగుకు తగుల్తున్నది" అంది. "వచ్చే ఏడు చూద్దాం తియ్. నువ్వు జల్దీ బండెక్కు."

ఎక్కాను. ఎక్కక ఏం చేయను?