పెద్దాయనను ఎదిరించిన నకిలీ కార్డు

ఫోను మోగితే ఇంటిల్లిపాదీ తింటున్న కంచాలు వదిలేసి పరిగెత్తిన కాలం ఒకటి ఉండేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి గానీ, మా సముద్రం పక్క ఊళ్ళలో సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు ఎక్కాల్సిందే. (కొన్ని సాయంత్రాలు ట్యాంకులో నీళ్ళకంటే ట్యాంకు మీద జనమే ఎక్కువ.) అలాంటి రోజుల్లో నెల్లూరులో ఒక కంప్యూటర్ షాపులో ఉద్యోగానికి చేరిన మూడో నెలకే, ఈ భూమండలం మీద నాకు తెలియని వైరు లేదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో స్క్రూడ్రైవరు. ఆ నమ్మకం ఎన్ని రోజులు నిలిచిందో, ఊడినప్పుడు ఆ చప్పుడు ఎంత దూరం వినిపించిందో చెప్పడానికే ఈ గోలంతా.

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఉప్పుకాలవ అవతల ఒక ఊళ్ళో రొయ్యలు కొనేవాడు. చెరువుల వాళ్ళ దగ్గర కొని, ఐసు పెట్టెల్లో సర్ది, మద్రాసు లారీ ఎక్కించడం ఆయన వ్యాపారం. కానీ ఆయన చేసే అసలు పని ఫోనుకు జవాబు చెప్పడం. తెల్లారి కోడి కూయకముందే మొదలు. "ముప్పై కౌంటు ఎంతన్నా? నలభై కౌంటు ఎంతన్నా?" (కిలోకు ముప్పై రొయ్యలు తూగితే ముప్పై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు పెద్దది, రొయ్యల వాడి మీసం కూడా పెద్దది.) ఎత్తడం, అరవడం, పెట్టడం. మూడేళ్ళు అలా అరిచాక మామ గొంతు నూనె ఎరగని తలుపు బందులా కిర్రుమనడం మొదలుపెట్టింది. డాక్టరు నెలరోజులు నోరు మూసుకోమన్నాడు. జబ్బుకంటే ఆ మాట విన్నప్పుడు అత్త ముఖంలో కనిపించిన వెలుగే మామను ఎక్కువ బాధపెట్టిందని నా అనుమానం.

"నువ్వు అరవడం దేనికి మామా? కంప్యూటర్ చేత చెప్పిస్తా" అన్నాను. ఫోను లైను కంప్యూటర్‌లో ఒక కార్డుకు తగిలిస్తే, ఫోను అదే ఎత్తుతుంది, రికార్డు చేసిన రేటు అదే చెబుతుంది, మామకు ఏదన్నా చెప్పాలనుకునే వాళ్ళకోసం ఒక నిమిషం లైను తెరిచి ఉంచి స్పీకర్లో వినిపిస్తుంది, తర్వాత అదే పెట్టేస్తుంది. మామ కళ్ళు రొయ్య కళ్ళలా బయటికొచ్చాయి. "చెప్పిచ్చు గానీ అబ్బయ్యా, శుక్రవారం ఉరుము పెద్దాయన చెరువుల్లో రొయ్యలు పడతా ఉండాం. ఐసుకు చెప్పుండా, వలలోళ్ళకు చెప్పుండా. ఆయన ఫోను గానీ తేడా వస్తే ఈ ఏడాదికి నేను గుడ్డ కప్పుకొని పడుకోవాల" అని కిర్రుమన్నాడు.

ఉరుము పెద్దాయన గురించి చెప్పాలి. ఆ చుట్టుపక్కల అందరికంటే ఎక్కువ చెరువులు ఆయనవి, అందరికంటే పెద్ద గొంతూ ఆయనదే. ఆయన "మంచినీళ్ళు" అని అడిగితే పక్క ఊళ్ళో బిందెలు కదిలేవి. ఆయన ఒక్కడి సరుకు మామకు సగం సీజను. ఆయన అలిగితే కాలవకు రెండో గట్టున ఇంకో కొనుగోలుదారు లారీ రెడీగా పెట్టుకుని కాచుకుని ఉన్నాడు.

మా షాపు ఓనరన్న శాంపిలుకని అసలు కార్డు ఒకటి ఇచ్చాడు. అట్టపెట్టె, దాని లోపల ఇంకో పెట్టె, నురగ పరుపు, వెండి సంచీ, ఆ సంచీలో పెళ్ళికూతురిలా కార్డు. ధర విని మామ గొంతు పూర్తిగా పోయింది. నేను ఊరుకుంటానా? మర్నాడు సూళ్లూరుపేట మీదుగా మద్రాసు రైలెక్కి, ఎలక్ట్రానిక్ సామాన్ల వీధిలో, గొడుగులమ్మే కొట్టుకూ బజ్జీల బండికీ మధ్య నిలబడ్డ ఒకాయన దగ్గర అదే కార్డు పదో వంతుకు పట్టుకొచ్చాను. నురగ లేదు, వెండి సంచీ లేదు. అరవ పేపర్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. (రబ్బరు బ్యాండు మాత్రం అసలుది.)

రెండింటినీ షాపు బల్లమీద పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. అదే పచ్చరంగు, అవే సందులు, అదే ఫోను రంధ్రం. ఒకటే తేడా. అసలు కార్డు మధ్యలో నల్లగా బిళ్ళంత చిప్పు ఉంది. నకిలీలో ఆ చోట నాలుగు గీతల గడి గీసి ఖాళీగా వదిలేశారు. ఓనరన్న వేలు పెట్టి చూపించి "ఇదేందిరా, ఈడ ఇల్లు కట్టి మనిషిని పెట్టలేదే?" అన్నాడు. "గాలి ఆడటానికన్నా" అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు. ఇన్నేళ్ళలో నేను అంత తొణక్కుండా మరో మాట చెప్పలేదు. ఆపైన పరీక్ష కూడా పెట్టాను. పక్క కొట్టు ఫోను నుంచి రెండింటికీ ఇరవైసార్లు చేశాను. రెండూ ఎత్తాయి, రెండూ రేటు చెప్పాయి, రెండూ బుద్ధిగా పెట్టేశాయి. ప్రతిసారీ నేను చేతులు కట్టుకుని, నోరు మూసుకుని విన్నాను. అక్కడే పప్పులో కాలేశాను. మా తీరంలో పుట్టి పెరిగి కూడా, రేటు విని నోరు మూసుకునే మనిషి మా తీరంలో ఉండడని మర్చిపోయాను!

"అసలుదీ ఇదీ కవలపిల్లలు మామా" అని నకిలీ కార్డే బిగించాను. "నీ మాట మీద పెడతా ఉండా అబ్బయ్యా" అన్నాడు మామ. అసలు కార్డు పెట్టెతో సహా షాపుకు తిరిగిచ్చేద్దామని సంచీలో ఉంచుకున్నాను. రేటు అత్త గొంతుతో రికార్డు చేశాం. అత్త రైల్వే స్టేషన్లో పుట్టిందా అన్నంత స్పష్టంగా చెప్పింది. మొదటి రెండు రోజులు ఊరంతా ఆశ్చర్యపోయింది. రేటు వినగానే ప్రతివాడూ అత్తతో బేరానికి దిగాడు. "అక్కా, ఇంకో అయిదు పెంచక్కా." లోపలి నుంచి జవాబుగా సన్నగా "...అయిదు పెంచక్కా." ఆ రోజుల్లో ఒకరి లైన్లో ఇంకొకరి మాటలు పడటం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు సరిగదా, రెండో రోజుకు టీ బంకు దగ్గర కొత్త ధైర్యం మొదలైంది. "లైన్లో ఇంకోడెవుడో కూడా అయిదు పెంచమనే అడగతా ఉండాడు. మనోళ్ళంతా ఒకే మాట మీద ఉండార్రా!" నేను పక్కనే బెంచీ మీద కూర్చుని ఆ మాట విన్నాను. విని, రైతుల ఐకమత్యానికి మురిసిపోయి ఇంకో టీ చెప్పాను. అంతటి తెలివైనవాణ్ణి.

గురువారం పొద్దున మామ ఐసు కోసం పోయాడు. అత్త గుడికి పోయింది. ఆఫీసులో నేనూ, కంప్యూటరూ, ఖాళీ ఐసు పెట్టెలూ. ఫోను మోగింది, కార్డు ఎత్తింది. స్పీకర్లోంచి వచ్చిన గొంతుకు బల్లమీద గ్లాసు ఒక అంగుళం జరిగింది. (రెండంగుళాలు అనేవాణ్ణి, గానీ బల్ల చిన్నది.) అత్త గొంతు రేటు చెప్పింది. పెద్దాయన "ఆ రేటుకు ఎవుడిస్తాడు?" అన్నాడు. అర సెకను తర్వాత లైన్లో, ముక్కుతో పట్టినట్టు వెటకారంగా, "ఎవుడిస్తాడు?" అని తిరిగొచ్చింది.

"ఎవుడ్రా అది?"

"ఎవుడ్రా అది?"

"నన్నే ఎవుడంటావా? మర్యాదగా మాట్లాడు!"

"మర్యాదగా మాట్లాడు!"

పరుగున పోయి ఫోను ఎత్తి "పెద్దయ్యా" అందామంటే, ఆ ఫోను కంప్యూటర్‌కు తగిలించింది నేనే, విడి ఫోను పీకి అటక మీద పెట్టిందీ నేనే. అవతల ఆయన వంశంలో ఎవరూ వాడని తిట్లు మొదలుపెట్టాడు. ఇవతల కార్డు ఒక్కటి కూడా బాకీ ఉంచుకోకుండా అన్నీ తిరిగిచ్చింది. చివరికి ఆయన "ఆడనే ఉండు, వస్తా ఉండా!" అన్నాడు. "వస్తా ఉండా!" అంది కార్డు.

పావుగంటలో బుల్లెట్టు వచ్చి గుమ్మంలో ఆగింది. పెద్దాయన ముందు, వెనక ఆయన భార్య. ఆవిడ ఎందుకొచ్చిందంటే, ఆయన ఎవర్నైనా కొట్టడానికి పోయినప్పుడల్లా వెనకెక్కి కూర్చోవడం ఆవిడకు అలవాటట. ఆయన నన్ను చూడను కూడా చూడలేదు. గదంతా వెతికాడు. తలుపు వెనక చూశాడు, మంచం కింద చూశాడు, ఐసు పెట్టెలు ఒక్కొక్కటే మూత ఎత్తి చూశాడు. "యాడ దాచినార్రా వాణ్ణి? నా వయసుకు నన్ను ఎవుడ్రా అంటాడా? మీ మామకు చెప్పు, రేపు నా చెరువు గట్టు మీద వాడి లారీ కనపడితే కాలవలో తోసేస్తా. కాలవ అవతలోడికే ఇస్తా సరుకు!"

సరిగ్గా అప్పుడు ఐసు లారీ దిగి మామ లోపలికొచ్చాడు. ఆ చివరి మాట విన్నాడు. అరవడానికి ఆయనకు గొంతు లేదు. నావైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ అప్పుడప్పుడూ నా అన్నంలోకి వస్తుంది.

"పెద్దయ్యా," అన్నాను, నా గొంతు కూడా మామ గొంతులాగే కిర్రుమంది, "లోపల ఎవురూ లేరు. అది మీ గొంతే."

"నా గొంతా? నాకు తెలీదా నా గొంతు?"

చెప్పడం నా వల్ల కాలేదు. చూపించాను. సంచీలోంచి అసలు కార్డు తీసి బిగించి, ఎదురింటి ఫోను నుంచి మాట్లాడమన్నాను. పెద్దాయన వెళ్ళి మాట్లాడాడు. అత్త రేటు చెప్పింది, తర్వాత నిశ్శబ్దం. ఆయన ఎంత అరిచినా లైను తేట నీళ్ళలా ఉంది. మళ్ళీ నకిలీది బిగించాను. ఈసారి ఆయన జాగ్రత్తగా, భార్యను ముద్దు చేస్తున్నానని తాననుకున్న గొంతుతో, "ఏమ్మే, బాగుండావా?" అన్నాడు. "ఏమ్మే, బాగుండావా?" అని, పోలీసు స్టేషన్లో దొంగను అడిగినట్టు తిరిగొచ్చింది. ఆయన ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి వచ్చింది. నల్ల చిప్పు చేసే పని అప్పుడర్థమైంది నాకు: పోయిన గొంతు తిరిగి రాకుండా మింగేయడం. గాలి ఆడటానికి వదిలిన గడిలోంచే పెద్దాయన గొంతు పెద్దాయనకు తిరిగొస్తోంది.

ఆయన ఫోను మెల్లగా పెట్టాడు. రోడ్డు దాటి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఆ ముఖం చూసి మేమంతా బిగుసుకుపోయాం, ఆయన కొట్టినా అంత భయపడేవాళ్ళం కాదు. భార్య వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి పక్క ఊరికి వినపడనంత చిన్నగా అడిగాడు.

"నేను ఇట్టానా మాట్లాడేది?"

"ఇది నయం," అంది ఆవిడ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "దీంట్లో కొంచెం తగ్గించి చెప్తా ఉండాది."

తర్వాత నన్ను దగ్గరకు పిలిచి, "నాయనా, ముప్పై ఏళ్ళు నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎక్కలా. ఆ మంచి కార్డు మీ మామకు పెట్టు. ఈ పాడు కార్డు ఉండాదే, అది మా ఇంట్లో పెట్టరాదా?" అంది. మామకు నవ్వొచ్చి గొంతు నొప్పి పుట్టింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. లేస్తూ లేస్తూ, "రేపు తెల్లారే లారీ పంపు" అని మామ చెవిలో అన్నాడు. మామకు వినపడలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. ఉరుము పెద్దాయన చేత ఒక మాట రెండోసారి చెప్పించుకున్న మనిషి మా జిల్లాలో మా మామ ఒక్కడే.

సరుకు వచ్చింది, సీజను నిలిచింది, అసలు కార్డు మామ ఆఫీసులో ఉండిపోయింది. దాని ధర తీరేవరకూ నా జీతం మా ఓనరన్న దగ్గరే విశ్రాంతి తీసుకుంది. పెద్దాయన ఒక వారం గుసగుసలతో బతికాడని చెప్పుకున్నారు. ఆ వారం చెరువుల మీద కూలీలకు ఏం చెయ్యాలో తెలీక నానా తిప్పలూ పడి, చివరికి వాళ్ళే వెళ్ళి "పెద్దయ్యా, మామూలుగా అరవండయ్యా" అని వేడుకున్నారట. ఎనిమిదో రోజు ఉరిమాడు. కానీ ఇంట్లో మాత్రం, ఆవిడ తర్వాత మా అత్తతో చెప్పిందట, ఏదన్నా అరవబోయి, ఒక అర సెకను ఆగి, ఎవరైనా తిరిగి అంటారేమోనన్నట్టు చెవి ఒగ్గి చూసేవాడట.

మొన్నామధ్య హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో వాయిస్ మెసేజి పంపాను. ప్రేమగానే పంపాను. పొరపాటున వేలు తగిలి అది నాకే వినపడింది. "తిన్నావా లేదా? ఫోను ఎందుకెత్తవు?" ఎవడీయన, పసిపిల్లను ఇట్లా గదమాయిస్తున్నాడు అని ఒక క్షణం నిజంగానే కోపం వచ్చింది. లేచి వెళ్ళి పాత సొరుగు లాగితే, చిల్లర సామాన్ల కింద ఆ నకిలీ కార్డు ఇంకా ఉంది, రబ్బరు బ్యాండు మాత్రం ఎప్పుడో తెగిపోయింది. ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి చూశాను. గాలి ఆడటానికని ఇరవై రెండేళ్ళప్పుడు తొణక్కుండా చెప్పిన ఆ అబద్ధం, పాపం, అంత అబద్ధమేం కాదేమో; మన గొంతు మనకు వినపడాలంటే ఆ మాత్రం సందు ఉండాలి. మెసేజి చెరిపేసి, అర సెకను ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. "ఏమ్మా, బాగుండావా?"