తెలియదని చెప్పిన సిస్టరమ్మ

పోయిన మంగళవారం పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే, మా ఎదురింటి సిస్టరమ్మ నిద్రలోనే కన్నుమూసిందని ఆమె కోడలు వచ్చి చెప్పింది. ఆదోని ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, ఎమ్మిగనూరులో మా వీధిలో కొడుకు దగ్గర ఉండేది. వీధంతటికీ ఆమె సిస్టరమ్మే. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా ఆరేళ్లపాటు సాయంత్రాలు ఆమెకు బైబిలు చదివి వినిపించింది నేనే.

ఆమెకు చూపు తగ్గిపోయింది. కొడుకూ కోడలూ పని నుంచి వచ్చేసరికి పొద్దుగూకేది. ఒకరోజు గిన్నెలో ఉగ్గాని తెచ్చిచ్చి, "రోజుకొక అధ్యాయం సదివి పెడ్తావా, టీచరమ్మా?" అని అడిగింది. నేను సైన్సు టీచరును, ఇవన్నీ నమ్మనని ముందే చెప్పాను. నమ్మినవాళ్లు తెలిసిన కథే కదా అని సగం దాటేస్తారనీ, నాలాంటిదైతే ఒక్క మాట కూడా వదలదనీ నవ్వింది.

నేను వదల్లేదు. యేసును పట్టించిన శిష్యుడు ఒకచోట ఉరి వేసుకుని చచ్చాడు, ఇంకోచోట పొలంలో పడి పొట్ట పగిలి చచ్చాడు. యేసు తాత పేరు ఒకరు ఒకటి రాస్తే, మరొకరు ఇంకొకటి రాశారు. సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు ఒకచోట ముగ్గురు, ఒకచోట ఒక్కతే. ఇలాంటిది దొరికిన ప్రతిసారీ చదవడం ఆపి, విన్నారా అని అడిగేదాన్ని. నిజం చెప్పాలంటే, గెలిచినట్టు అడిగేదాన్ని.

ఆమెకు కోపం వచ్చేది కాదు. దెబ్బలు తగిలి ఆసుపత్రికి వచ్చినవాళ్లను ఆమె ఎంతమందినో చూసింది. ఒకే మనిషి ఎలా పడ్డాడో వెంట వచ్చిన నలుగురూ నాలుగు రకాలుగా చెప్పేవారట. "నలుగురూ ఒకే మాట సెప్తేనే మాకు అనుమానమొచ్చేది" అంది. మనుషులు రాశారంటే సరే, దేవుడే రాయించాడంటారు కదా, ఆయనకూ మరుపేనా అన్నాను. "అది నాకు తెల్దమ్మా" అంది. నా ప్రశ్నల్లో చాలావాటికి ఆమె చెప్పింది ఆ మాటే. అలా చెప్పడానికి ఎన్నడూ సిగ్గుపడలేదు. క్లాసులో పిల్లల ముందు నాకు తెలియదని ఒప్పుకోవడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత మా అమ్మ మంచం పట్టింది. ఏటా శ్రావణంలో బస్సెక్కి ఉరుకుంద పోయి ఈరన్న స్వామిని చూసి వస్తేగానీ మనసు నిలవని మనిషి మా అమ్మ. సిస్టరమ్మ రోజూ వచ్చి, చేతులతో తడుముకుంటూనే అమ్మను పక్కకు తిప్పేది, వీపుకు పుండ్లు పడకుండా పౌడరు రాసేది. అమ్మ అడిగితే ఈరన్న విభూతి తనే నుదుట పెట్టేది. రెండు నెలలకు అమ్మ పోయింది.

కొన్నాళ్లకు మళ్లీ చదువుకు కూర్చున్నాం. నమ్మనివాళ్లు ఆరని మంటల్లో పడతారన్న చోటికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. ఈసారి గెలవడానికి అడగలేదు.

"సిస్టరమ్మా, మరి మాయమ్మ యాడుంది?"

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక, ఆమె అందరి ముందూ పాస్టరుగారిని అదే అడిగిందట. ఆయన బైబిల్లోని ఆ వాక్యమే చూపించాడట. ఆమె ఊరుకోకపోయేసరికి, నీ విశ్వాసం సన్నగిల్లిందని తోటి ఆడవాళ్లే అన్నారని కోడలు నాతో చెప్పి బాధపడింది. మర్నాడు సాయంత్రం సిస్టరమ్మ వీధి దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మా పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. దేవుడంటే ప్రేమ అని కూడా అందులోనే ఉంది. రెండూ ఎట్ల కలుస్తాయో నాకు తెల్దు. నేను ఆడికి పోయినాక మీయమ్మ కనపడకపోతే, నా పేషెంటు యాడ అని అడుగుతా. సెప్పేదాకా కూసోను."

అది సమాధానం కాదు. నా సందేహం అలాగే ఉంది, ఈ రోజుకీ నేను నమ్మను. కానీ మా అమ్మ కోసం తన దేవుణ్నే నిలదీస్తానన్న మనిషి ఒకరున్నారని తెలిసి, అమ్మ పోయాక మొదటిసారి ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

బుధవారం సమాధుల తోటకు నేనూ వెళ్లాను. మట్టి వేశాక అందరూ పాట ఎత్తుకున్నారు. నాకు రాదు, ఊరకే నిలబడ్డాను. పక్కనున్న ముసలామె, నేనెవరో ఆమెకు తెలియదు, తన పాటల పుస్తకం నా వైపు జరిపింది. గాలికి లేస్తున్న పేజీని బొటనవేలితో అదిమిపట్టి, పాడుతున్న మాటల కింద చూపుడువేలు నెమ్మదిగా జరుపుతూ పోయింది, నేను వెనకబడినప్పుడల్లా ఆగుతూ.