ఎత్తు కుర్చీలోంచి చెప్పిన వైద్యం

నా చెల్లెలు విమల పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఎందుకు పోయిందో నాకు మొదటినుంచీ దాదాపు తెలుసు. తెలియనట్టు ఉండటమే ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఆ మాత్రం చాటు లేకపోతే ఇది రాయలేను.

నేను పాథాలజిస్టుని. రిటైరై షాంటిలీ అనే అమెరికన్ ఊళ్లో ఉంటున్నాను. ఉద్యోగమంతా శవపరీక్షలు, మైక్రోస్కోపు కింద ముక్కలు. బతికున్న మనిషి నాడి చూసింది చదువుకునే రోజుల్లోనే. అయినా మనవాళ్లకు డాక్టరంటే డాక్టరే. పార్టీలో ప్లేటు పట్టుకుని వచ్చి మోకాళ్ల గురించి అడుగుతారు. ఫోన్ చేసి పిల్లల జ్వరాల గురించి అడుగుతారు. నాకు తెలియదు, మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి అనాలి. మొదట్లో అనేవాణ్ణి. తర్వాత మానేశాను. ఎందుకు మానేశాను? అడిగించుకోవడం బాగుండేది. ఇంతకంటే గౌరవమైన కారణం కోసం వెతికాను, దొరకలేదు.

వైద్య చరిత్ర చదవడం నాకు అలవాటు. మా పక్క ఊరు ఆష్‌బర్న్‌లో ఒక లైబ్రరీ గదిలో మన పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ అప్పుడప్పుడు ప్రసంగాలు చేసేవాణ్ణి. ఎక్కువగా అడిగేది ఐదొందల ఏళ్ల కిందటి రినైజాన్స్ కాలంలో వైద్యం ఎలా మారిందన్న ప్రసంగం. అంతకుముందు యూరప్‌లో శరీరశాస్త్ర పాఠం చెప్పేటప్పుడు ప్రొఫెసర్ ఎత్తైన కుర్చీలో కూర్చుని వెయ్యేళ్లనాటి గ్రంథం చదివేవాడు. కింద బల్ల మీద శవాన్ని మంగలి కోసేవాడు. ప్రొఫెసర్ దిగేవాడు కాదు, ముట్టుకునేవాడు కాదు. కింది దవడలో రెండు ఎముకలని గ్రంథంలో ఉంటే, బల్ల మీద ఒక్కటే కనబడుతున్నా రెండనే చదివేవాడు. ఆ రాసినాయన కోసి చూసింది జంతువుల్ని అని వాళ్లకు తట్టలేదు. ఆ తర్వాత ఇటలీలోని పాడువాలో ఒక యువ అధ్యాపకుడు కుర్చీ దిగి కత్తి తనే పట్టుకున్నాడు. చూసింది చెప్పాడు. పాతవాళ్లు అప్పటికీ ఒప్పుకోలేదు. గ్రంథం తప్పు కాదు, అప్పటికీ ఇప్పటికీ మనుషుల శరీరాలే మారిపోయాయి అన్నవాళ్లున్నారు. ఇక్కడికి రాగానే గదిలో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ ప్రసంగానికి స్లైడ్లు సర్దుకుంటుంటే విమల ఫోన్ చేసింది. వాళ్లుండేది జార్జియా రాష్ట్రంలో, కమ్మింగ్‌లో.

"అన్నయ్యా, బిజీనా? నీ శవాలేమైనా వెయిట్ చేస్తున్నాయా?" ఎప్పుడూ వేసే జోకే.

"అవి తొందరపెట్టవులే. చెప్పు."

"వీపులో, రెండు భుజాల మధ్య నొప్పి. ఉన్నట్టుండి వచ్చింది. లోపల ఎవరో చీల్చినట్టుంది. ఇప్పుడు నడుం దాకా దిగింది."

"పొద్దున్నుంచీ ఏం చేశావే?"

"ఏముంది, ఇండియన్ స్టోర్‌కి వెళ్లాం. రైస్ బ్యాగ్ ఎత్తి కార్లో పెట్టాను."

"అదిగో! నువ్వెత్తుతుంటే బావగారు గుడ్లప్పగించి చూస్తున్నారా? కండరం పట్టేసింది. హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని పడుకో."

"కండరం కాదన్నయ్యా. నీరజని కన్నదాన్ని, నొప్పి అంటే నాకు తెలీదా? ఇది వేరేగా ఉంది. ఎమర్జెన్సీకి వెళ్లనా?"

"వెళ్తే సాయంత్రం దాకా కూర్చోబెట్టి ఓ టైలెనాల్ మాత్ర ఇచ్చి పంపిస్తారు. డాక్టర్‌ని నేనా, నువ్వా?"

"నువ్వే స్వామీ, నువ్వే" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి ఆగి మళ్లీ అందుకుంది. అదీ విన్నాను.

ఫోన్ పెట్టేసి మళ్లీ స్లైడ్ల ముందు కూర్చున్నాను. అప్పుడు తెర మీద ఏ బొమ్మ ఉందో చెబితే కల్పించాననుకుంటారు. చెప్పను.

మర్నాడు పొద్దున వంటింట్లో పడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు. కారణం కచ్చితంగా చెప్పలేమని, శవపరీక్షకు ఒప్పుకుంటారా అని అక్కడి డాక్టర్ అడిగిందట. విమల భర్త, బావగారు నాకు ఫోన్ చేశారు. "కోస్తామంటున్నారు బావగారూ. ఏం చెప్పమంటారు?"

ఉద్యోగంలో ఉండగా ఎన్నో కుటుంబాలకు నేనే నచ్చజెప్పాను. తెలుసుకోవడం మంచిది, రేపు మీ పిల్లలకు పనికొస్తుంది అని. ఆ రోజు మాత్రం, "వద్దు. మనవాళ్లలో ఇవన్నీ ఎందుకు, దాన్ని ప్రశాంతంగా పంపిద్దాం" అన్నాను. నాకు ఏ ఆచారమూ పట్టదు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం గోడ చీలి ఉంటుందని నాకు అప్పటికే తెలుస్తోంది. బల్ల మీద దాన్ని చాలాసార్లు చూశాను. రోగి దాన్ని ఎలా చెబుతాడో మా పుస్తకాల్లో ఉంటుంది. చీల్చినట్టు అని. కోస్తే ఎవరికైనా కనబడేది. నేను వినిపించుకోకపోవడమూ దానితోపాటు కనబడేది.

గుండెపోటు అని సర్టిఫికెట్ ఇచ్చారు. వీపు పట్టేసిందని మాత్రమే నాతో అంది అని అందరికీ చెప్పాను. చెల్లెలు పోయినవాడి మాటను ఎవరు అనుమానిస్తారు? ఆసుపత్రికి వెళ్తే బతికేదా? ఏమో. ఆ 'ఏమో' వెనక కూడా కొన్నేళ్లు దాక్కున్నాను.

ఇంతటితో అయిపోతే నాతోనే పోయేది. ఆ జబ్బు కొన్ని కుటుంబాల్లో వారసత్వంగా వస్తుంది. అందుకని నేను వెళ్లి స్కాన్ చేయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఏమీ లేదన్నారు. విమల ఒక్కగానొక్క కూతురు నీరజ ఆష్‌బర్న్‌లో, నా ఇంటికి దగ్గర్లోనే ఉంటుంది. ఆ పిల్లకు చెబితే, ఎలా తెలుసు అని అడుగుతుంది. అందుకే చెప్పలేదు. నా ప్రాణానికి పనికొచ్చిన అనుమానం దాని ప్రాణానికి అక్కర్లేదనుకున్నానా? అనుకోలేదు. అసలు ఏమీ అనుకోకుండా ఉండటం నేర్చుకున్నాను.

ఈ వసంతంలో నీరజ భోజనానికి వచ్చింది. ఐదో నెల. చారు పోసుకుంటూ అడిగింది.

"మావయ్యా, నా డాక్టర్ ఫ్యామిలీ హిస్టరీ అడిగింది. అమ్మది హార్ట్ ఎటాక్ అని చెప్పాను. కరెక్టే కదా?"

కడుపుతో ఉన్నప్పుడు ఆ రక్తనాళం మీద భారం పెరుగుతుంది. ఈ సంగతి తెలిసి కూడా, "కరెక్టే" అన్నాను. మొదటిసారి భయంతో అబద్ధం చెప్పాను. ఈసారి ఉత్త అలవాటుతో చెప్పాను. అదే నన్ను కూర్చోనివ్వలేదు.

మర్నాడు కారు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. నిలబడే అంతా చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే అది నన్ను ఓదార్చాల్సి వచ్చేది.

నీరజ అంతా వింది. తర్వాత అంది. "నువ్వు స్కాన్ చేయించుకున్నావు."

"చేయించుకున్నాను."

"నాకు చెప్పలేదు."

"చెప్పలేదు."

వెళ్లి వీధి తలుపు తీసి, పక్కకు జరిగి నిలబడింది. బయటికి వచ్చేశాను. కారులో కూర్చున్నాక ఒళ్లు కాస్త తేలికైంది. అందుకు సిగ్గేసింది కూడా.

కొన్నాళ్లకు బావగారి నుంచి మెసేజ్ వచ్చింది. "నీరజకి స్కాన్ అయింది. ఆ నాళం కొంచెం వెడల్పుగా ఉందట. డెలివరీ దాకా జాగ్రత్తగా చూస్తామన్నారు." ఎప్పుడూ మొదట్లో ఉండే 'బావగారూ' లేదు. రిపోర్ట్ పంపమని అడగలేదు. అడిగే ముఖం లేదు.

నన్ను క్షమించమని వాళ్లను అడగలేదు. మిమ్మల్నీ అడగడం లేదు. నేను అందరికీ చెప్పిన ఒక్క మాట సరిదిద్దాలి, అంతే. విమల వీపు పట్టేసిందనలేదు. చీల్చినట్టుంది అంది. సరిగ్గానే చెప్పింది. నేను విన్నాను.