ఒకటో తరగతిలో పొదిగిన కోడి

మా పెద్దమేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మొయినాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. బడికి సెలవు చెప్పి అటునుంచి అటే చేవెళ్ల వెళ్లాను. చర్చి ఆవరణ నిండా ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే.

ఆలూరు పక్కన చిన్న ప్రాథమిక పాఠశాలలో నా తొలి ఉద్యోగం. ఆమె హెడ్‌మాస్టరు. ఒకటో తరగతి కూడా ఆమెదే. పెద్ద తరగతులు తీసుకోమని ఎవరన్నా అంటే, "గట్టి టీచర్ చిన్నపిల్లల కాడ ఉండాలె" అనేవారు. తను గట్టి టీచరని ఆమెకు బాగా తెలుసు.

ఒక చలికాలం పొద్దున ఆమె పొదగడానికొచ్చిన కోడిపెట్టను ఇంటి నుంచి గంపలో తెచ్చారు. తరగతి మూలన గడ్డి పరిచి, గుడ్లు పెట్టి కూర్చోబెట్టారు. పిల్లలు పగలగొడతారేమోనన్నాను.

"పగిలితే ఎందుకు పగిలిందో మాట్లాడుకుందాం. పిల్లలకు తెల్వదని అనకు, మనం చెప్పలేదని అను."

ఒక్క గుడ్డూ పగల్లేదు. పక్క గది నుంచి నాకు వినపడే గోల మాత్రం తగ్గిపోయింది. కోడమ్మ గుడ్ల మీద కూసున్నది, మెల్లగ మాట్లాడమని పిల్లలే ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక మేడం నేరుగా బడికొచ్చి గింజలు, నీళ్లు పెట్టి వెళ్లేవారు.

ఆ తరగతిలో షాబాద్ నుంచి వచ్చిన ఒక పాప ఉండేది. తల్లి చనిపోతే అవ్వ తెచ్చుకుని మా బడిలో వేసింది. చేరినప్పటి నుంచి ఒక్క మాట లేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. అవ్వ విసిగిపోయి, ఇక మాన్పిస్తానని వచ్చింది. మేడం వాదించలేదు.

"కోడి పిల్లలు లేపేదాక ఉంచు అవ్వా. అటెంక చూద్దాం."

పాప రోజూ ఆ మూలనే కూర్చునేది. ఒక మధ్యాహ్నం మేడం బోర్డు మీద రాస్తుంటే లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మేడం, లోపల అరుస్తున్నది."

అప్పుడే చాక్‌పీసు కోసం వెళ్లిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మేడం గొంతులో మాత్రం ఏ మార్పూ లేదు. ఏ గుడ్డో చూపించమని అడిగి, పాప పక్కన నేల మీద కూర్చుని ఆ గుడ్డుకు చెవి ఆనించారు. పెట్ట ఆమె చేతిని పొడిచింది. పొడవనిచ్చారు.

మర్నాటికి మిగతావన్నీ బయటికొచ్చాయి. ఆ గుడ్డుకు మాత్రం చిన్న చిల్లు పడి, ముక్కు కనిపిస్తూ, సాయంత్రమైనా అలాగే ఉండిపోయింది.

"సచ్చిపోతదా?" అంది పాప.

చావదని చెప్పెయ్యాలనిపించింది నాకు. మేడం పాప వైపు తిరిగారు.

"ఏమో బిడ్డా, తెల్వది. మస్తు అలిసింది. జర చెయ్యందిద్దాం."

గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, ఎండిన పొరను తడుపుతూ పెంకును కొంచెం కొంచెంగా తీశారు. నడుమ నడుమ ఆగి, దాన్ని ఊపిరి తీసుకోనిచ్చారు. పాప నీళ్ల గిన్నె పట్టుకుంది. బడి గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు. చివరికి అది తడితడిగా ఆమె అరచేతిలోకి జారింది. ఒక కాలు ఈడ్చేది కానీ బతికింది.

కోడిపిల్ల చచ్చిపోయి ఉంటే ఏం చేసేవారని తర్వాత అడిగాను.

"సచ్చిపోయిందనే చెప్తుంటి. అబద్ధమాడితే ఆ పిల్ల మళ్ల నాతోటి మాట్లాడుతదా?"

తరగతిలో పిల్లలు నన్ను కష్టమైన ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆ మాటే ముందు గుర్తొస్తుంది. నాకు తెలియనిది తెలియదనే చెబుతాను.

అవ్వ మళ్లీ వచ్చిన రోజు పాప ఆమెను కూర్చోబెట్టి గుడ్డు కథంతా మొదటి నుంచీ చెప్పింది. బడి మాన్పించే మాట అవ్వ ఎత్తనే లేదు. ఆ పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న సమాధి దగ్గర నా పక్కనే నిలబడింది.

మేడం అనగానే నాకు కనిపించేది గుడ్లు పిల్లలైన ఆ వారంలో శనివారం సాయంత్రం. పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయారు. ఆమె వరండా మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. కోడిపిల్లలు ఒళ్లోకెక్కి, చీర మడతల్లో దూరి నిద్రపోయాయి. గేటు దగ్గర ఆమెను ఇంటికి తీసుకెళ్లే ఆటో వచ్చి హారన్ కొడుతోంది. ఒళ్లు కదలకుండా, ఆగమన్నట్టు ఒక్క చెయ్యి మాత్రం పైకెత్తి, ఆమె అలాగే కూర్చుని ఉన్నారు.