అమ్మ పైపన్ను

మా ఇంట్లో పళ్ళకు కూడా ఆడా మగా తేడా ఉంది. ఈ మాట అంటే మా నాయనకు కోపం వస్తుంది. రానీండి.

మాది అల్లూరు దగ్గర పల్లె. కొంచెం మాగాణి, దాన్ని ఆనుకుని రెండు రొయ్యల గుంటలు. పెళ్ళయ్యాక నేను నెల్లూరులో ఉంటున్నాను. ఆరు నెలలకోసారి మా ఆయన్నీ పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాను. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవేగా అని మా అత్తగారు అన్నా వినను. పిల్లలు బ్రష్ చేయకుండా పడుకుంటే లేపి మరీ చేయిస్తాను. ఈ విషయంలో నా అంత శ్రద్ధ ఎవరికీ లేదని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మా అమ్మకు కుడివైపు పైదవడలో పిప్పి పన్ను. నా రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్ళినప్పటికే ఆమె బుగ్గలో లవంగం పెట్టుకుని తిరుగుతోంది. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు మూడో తరగతి. అన్నేళ్ళూ అమ్మ ఎడమవైపే నమిలింది. అందరికీ చేపల పులుసు వడ్డించి, తను మాత్రం అన్నం మజ్జిగలో మెత్తగా పిసుక్కుని మింగేది. బుగ్గ వాచినప్పుడల్లా ఉప్పునీళ్ళు, జామాకు, మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్ర. అంతే వైద్యం.

పీకించుకోవచ్చు కదా అంటే మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, ఇంతెత్తున లేచేది.

"పైపన్ను పీకిచ్చుకుంటే కళ్ళు పోతాయే! మా పెద్దమ్మకు అట్నే పొయినాయి. మీయమ్మ కళ్ళు పోతే గుంటల కాడ ఎవురు చూస్తారు?"

అదీ అసలు సంగతి. రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలియడానికి గుంటలో వలతో చేసిన చెక్‌ట్రే ఒకటి దించి ఉంచుతారు. పొద్దున్నే నాయన దాన్ని పైకి లాగితే, చూడాల్సింది అమ్మ. రొయ్య పేగు నిండుగా ఉందా, తల మీద తెల్లమచ్చ ఏమైనా పడిందా, ఇవి ఆమె కంటికి దొరికినట్టు ఇంకెవరికీ దొరకవు. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసినా ఆయనకు అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కాబట్టి ఆ ఇంటికి అమ్మ కళ్ళు కావాలి. ఆ కళ్ళ కింద ఉన్న దవడ మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

పోయిన ఏడాది నాయనకు పన్ను నొప్పి వచ్చింది. పైపన్నే. పొద్దున నొప్పి అన్నాడు, మధ్యాహ్నానికల్లా మా తమ్ముడు బండి మీద నెల్లూరు తీసుకొచ్చి పీకించాడు. వారం రోజులు ఇంట్లో జావ, మెత్తటి ఇడ్లీలు, వచ్చేపోయేవాళ్ళ పరామర్శలు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"ఏం జేజీ, ఇప్పుడు నాయన కళ్ళు పోవా?"

"మగోళ్ళకేం కాదులేమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాయన వినీ విననట్టు జావ తాగుతూ కూర్చున్నాడు. అమ్మ ఆ గిన్నె తీసుకెళ్ళి కడిగి బోర్లించింది.

ఈమధ్య అమ్మ బుగ్గ మళ్ళీ వాచింది. ఈసారి వాపు పైకి పాకి కుడికన్ను సగం మూసుకుపోయింది. అప్పుడు కదిలారు మావాళ్ళు! చెక్‌ట్రేలో ఏముందో అమ్మకు కనిపించకపోయేసరికి నాయన నాకు ఫోన్ చేశాడు. నొప్పి అని కాదు, జ్వరం అని కాదు. "మీయమ్మకు కన్ను ఆనటం లేదు, ఎవురికన్నా చూపీ" అన్నాడు.

నేను అమ్మను మా పళ్ళ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను. ఆమె ఎక్స్‌రే చూసి, పన్ను తీస్తే చూపు పోవడం అనేది లేనే లేదని, తీయకుండా నాన్చినందుకే చీము పట్టి వాపు కంటి దాకా వచ్చిందని చెప్పింది. ముందే వచ్చుంటే పన్ను నిలబెట్టేవాళ్ళమంది. మందులతో వాపు తగ్గించి, ఆ పన్నుతోపాటు పక్కదాన్నీ తీసేసింది.

అమ్మను తీసుకుని పల్లెకు వచ్చాక నా నోటికి అడ్డూ ఆపూ లేదు. జేజిని తిట్టాను, నాయనను తిట్టాను, తమ్ముడిని తిట్టాను. అమ్మ గోడకు ఆనుకుని వింటూ కూర్చుంది. చివరికి నోట్లోని దూది తీసి పక్కన పెట్టింది.

"ఎందుకే అట్ట అరస్తావు? కళ్ళు పోతాయని నేనెప్పుడూ అనుకోలే."

"మరి ఎందుకు పీకించుకోలేదు?"

"ఆ ఆసుపత్రులు నాకేం తెలుసు, ఒక్కదాన్నే ఎట్టొచ్చేది? నువ్వు పిల్లకాయల్ని తీసకపోతుంటావు గదా. ఒకసారి నన్ను గూడా రమ్మంటావేమోనని చూసినా."

పీకించుకో, పీకించుకో అని ఫోనులో ఎన్నిసార్లు చెప్పానో. నాతో రా అని ఒక్కసారీ అనలేదు.