అద్దానికి అంటుకుపోయిన నాన్న

నిన్న మనవరాలు కొత్త ఫోను మీది పల్చటి పొర వలుస్తుంటే, అనకాపల్లిలో నా చిన్నతనం కళ్ళముందుకొచ్చింది. మన ఈడువాళ్ళు చూసే ఉంటారు, వాన చెమ్మకి ఫొటో అద్దానికి అతుక్కుపోవడం. చనిపోయిన నాన్నది మాకున్న ఒక్క ఫొటో అలాగే అతుక్కుపోయింది.

ఫ్రేములు కట్టే సాహెబు గారు దాన్ని అద్దంతో సహా నీళ్ళపళ్ళెంలో పెట్టారు. "లాగితే సిరిగిపోద్ది బేటీ. నాననీ, అదే వదిలేత్తాది" అన్నారు అమ్మతో. చాలాసేపటికి అంచు వెనక్కి మడిచి, మెల్లమెల్లగా వలిచారు. నాన్న నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి. మీసం మాత్రం అద్దం మీదే ఉండిపోయింది.

సాహెబు గారు తల దించుకున్నారు. నాన్న పోయాక అమ్మ నవ్వగా చూడటం అదే మొదలు.

"బతికుండగా మీసం తియ్యమంటే మీ నాన్న ఇన్నేదు. ఇప్పుడు తీసేడు సూడు!"