మూడో రోజు పిండేసిన క్యాబేజీ

మా అత్తకి ఊరగాయల మీద అధికారం ఉండేది. మామూలు అధికారం కాదు. ఆనందపురం అవతల వాళ్ల ఊళ్లో ఎవరింట మాగాయ పెట్టినా ఉప్పు పాళ్లు చూడ్డానికి ఈవిణ్ణే పిలిచేవారట. ఆ పేరు నెత్తికెక్కి కూర్చుంది. నేను ఆవకాయ జాడీ మూత తీస్తే చాలు, "సెయ్యి తడి సూసుకున్నావేటే?" అని వెనకనుంచి కేక వినిపించేది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా జాడీల అర ముందు నిలబడితే నాకు పరీక్ష హాల్లో ఉన్నట్టే ఉండేది. తప్పు ఎవరిదైనా కావచ్చు గానీ అత్తది మాత్రం కాదు. మా ఇంట్లో అందరూ దీనికి అలవాటు పడిపోయారు.

అలాంటి మనిషి నేనెరిగి ఒక్కసారే తప్పు ఒప్పుకుంది. అదీ మాగాయ విషయంలో కాదు, క్యాబేజీ విషయంలో.

ఎనభైల నడిమి సంగతి ఇది. స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్నారు. మా ఆయన బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇంజనీరు. శిక్షణ కోసం పది నెలలు ఉక్రెయిన్‌లో ఒక ఉక్కు ఊళ్లో ఉండి, ఒక ఓవర్‌కోటూ కాస్త రష్యన్ భాషా వెంటేసుకుని వచ్చారు. కోటు విశాఖపట్నంలో దేనికీ పనికిరాలేదు. భాష మాత్రం పనికొచ్చింది, ఎందుకంటే మా పక్క బ్లాకు పై అంతస్తులో అక్కణ్ణుంచి వచ్చిన ఒక నిపుణుడూ ఆయన భార్యా ఉండేవారు. టౌన్‌షిప్ మొత్తం వాళ్లని రష్యావాళ్లనేది. ఆవిడ మాత్రం ఓపిగ్గా ప్రతిసారీ "ఉక్రెయిన్, ఉక్రెయిన్" అని దిద్దేది. ఢిల్లీలో మనల్ని మద్రాసీలంటే మనకెంత మంటో ఆవిడకీ అంతే మంట అని నాకు అర్థమై, నేనొక్కదాన్నే సరిగ్గా అనేదాన్ని. మా స్నేహం అక్కడ మొదలైంది. ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే అన్యాయం. మిగిలినదంతా చేతులతో చెప్పుకునేవాళ్లం.

ఆ ఏడు దీపావళి వెళ్లిన వారానికి వాళ్లకి టెలిగ్రాం వచ్చింది. అతని తల్లి పోయింది. సెలవూ, కాగితాలూ, విమానమూ కుదిరేలోపలే, మట్టి చెయ్యడం కూడా అయిపోయిందని రెండో టెలిగ్రాం వచ్చింది. అతను వెళ్లలేదు. మర్నాడు మామూలుగా డ్యూటీకెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. ఏడవలేదు. తల్లి మాట ఎత్తితే లేచి వరండాలోకి పోయేవాడు. ఇంట్లో పెట్టినది రెండు ముద్దలు తిని పళ్లెం జరిపేసేవాడు. ఒకరోజు ఆవిడ మా వంటింట్లో పీట మీద కూర్చుని, తన గుండె మీద గుప్పిట బిగించి చూపించి, "ఇలా ఉన్నాడు, రాయి" అంది. ఆ గుప్పిట విప్పలేక వేళ్లు తెల్లబడేదాకా అలాగే పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

వాళ్లకి నలభయ్యో రోజు ముఖ్యం. మనకి పెద్దకర్మ ఎలాగో అలాగ. ఆ రోజు బల్ల మీద పోయినవాళ్ల కోసం కూడా ఒక పళ్లెం పెట్టి, అందరూ కూర్చుని తింటారు. ఆవిడ ఆ రోజు తన అత్తగారి చేతి వంట చెయ్యాలనుకుంది. పులవబెట్టిన క్యాబేజీ, పొగబెట్టిన పంది మాంసం సాసేజీ కలిపి మెల్లగా మగ్గబెట్టే కూర. చిన్నప్పటినుంచీ ఆదివారం ఆదివారం తల్లి అతనికి అదే చేసేదట. అది నాలిక్కి తగిలితే లోపల ఉన్నది బయటికొస్తుందని ఆవిడ ఆశ. ఎవరో సెలవునుంచి వస్తూ తెచ్చిన సాసేజీ అరచుట్ట ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉంది. ఇక కావలసింది క్యాబేజీ.

రెండు పెద్ద క్యాబేజీలు వెంట్రుకల్లా తరిగి, ఒక క్యారెట్టు కోరి, ఉప్పేసి, చీర ఉతికినట్టు రెండు చేతులా పిసికింది. నీరు ఊరాక జాడీలో కూరి, పైన పళ్లెం బోర్లించి, బరువుకి రాయి పెట్టింది. అంతే. వారం పది రోజుల్లో దానంతటదే పులుస్తుంది. రోజుకోసారి కర్రతో అడుగుదాకా పొడిచి గాలి పోనివ్వాలి. ఇంతలో భార్యాభర్తలిద్దరూ కాగితాల పని మీద ఆరు రోజులు కలకత్తా వెళ్లాల్సొచ్చింది. పై అంతస్తు పొయ్యిలా ఉంటుంది, మా కింద ఇంటి సామాన్ల గది చల్లగా ఉంటుంది. జాడీ నాకప్పగించి వెళ్లింది.

ఆ జాడీ మా అత్తది. అత్తని అడక్కుండా ఇచ్చాను.

"నా జాడీలో ఎవుల్దో ఏటేసినావే?" అంది అత్త.

"క్యాబేజీ. విరిగిపోదులెండి" అన్నాను.

"ఇరిగిపోతాదని నానన్నానా?"

అంతే, ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ అప్పుడు నేనూ తక్కువదాన్ని కాను. మూడో రోజు పొద్దున్నే గోపాలపట్నంలో మా పెద్దమ్మ కూతురి నిశ్చితార్థానికి బయల్దేరుతూ, ఆ జాడీ దేనికో, ఎవరికోసమో ఒక్క ముక్క కూడా అత్తకి చెప్పలేదు. "జాడీ జోలికి ఎవరూ వెళ్లకండి" అని గోడకి చెప్పి బస్సెక్కాను. రోజూ కర్రతో పొడవమని మా ఆయనకి చెప్పాను. ఆయన సరేనన్నారు. ఆయన సరేనన్నారంటే ఆ పని జరగదని నాకు తెలిసి ఉండాల్సింది.

రెండు రోజుల తరవాత తిరిగొచ్చేసరికి డాబా మీద పాత పంచె పరిచి ఉంది. దాని మీద క్యాబేజీ, సన్నగా, పొడిపొడిగా, పసుప్పచ్చగా ఎండుతోంది. పక్కన అత్త, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుంది.

చేతిలో సంచి అక్కడే వదిలేసి దగ్గరికెళ్లాను.

"సూడు, నువ్వు ఎలిపోనావు. నీల్లూరిపోయి, బుడగలొచ్చేసి, కంపు కొట్టేత్తంది" అంది అత్త, అలకంతా మరిచిపోయి, గొప్పగా. "మూడో రోజుకి పిండకపోతే ఏ ఊరగాయైనా నిలత్తాదా? ఆ దొరసానికి తెల్దు పాపం. పసుపు కూడా ఎయ్యనేదు. నాను సిటికెడేసి పిండి ఎండలో ఎట్టినాను. ఊట ఏరేగా తీసినాను. రేపు కారం, ఆవపిండీ కలిపెత్తే అయిపోద్ది."

మాగాయ పద్ధతి! ఉప్పులో మూడు రోజులు ఊరాక ముక్క పిండి ఎండబెట్టడం, ఊట విడిగా ఎండబెట్టడం, తరవాత రెండూ కలపడం. అత్త చేసినదాంట్లో ఇసుమంత పొరపాటు లేదు, అది మామిడికాయ అయి ఉంటే.

నేను అరిచాను. అత్తమీద అంత గొంతు లేపడం అదే మొదలు. నలభయ్యో రోజు సంగతీ, టెలిగ్రాం సంగతీ, పై అంతస్తు ఆవిడ పిడికిలి సంగతీ అన్నీ డాబా మీదే అరిచి చెప్పాను. అత్త నా నోరు మూయిస్తుందనుకున్నాను. ఆవిడ కర్ర కింద పెట్టేసింది.

"కొడుకు ఎల్నేదేటి?"

"కుదరలేదు."

"మరి కొరివి ఎవులెట్టినారు?"

"వాళ్లు పూడ్చిపెడతారత్తా."

"అయితే మన్నెవులేసినారు?"

నాకు తెలీదు. తెలీదని చెప్పాను. అత్త పంచె అంచు మీంచి జారిన పసుపు పోగులు రెండు లోపలికి తోసింది. తరవాత, "నాకెందుకు సెప్పనేదే?" అంది. కోపంగా కాదు. జాడీ గురించి అలిగి చెప్పలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మళ్లీ మొదటినుంచి పెట్టడానికి రోజులు చాలవు. అత్త ఎండినదంతా ఎత్తి, దాచిన ఊటలోనే మళ్లీ వేసి, రాయి పెట్టింది. ఈసారి రోజుకి మూడుసార్లు తనే పొడిచింది. వాళ్లు కలకత్తానుంచి దిగిన పూట నేను బతిమాలాను, నేను చెబుతానత్తా, మీరు రావద్దు అని. వినలేదు. జాడీ చంకనెత్తుకుని, మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులు ఎక్కి, తలుపు తీసిన ఆవిడ ముందు దాన్ని దింపి, "నానే పాడు సేసినాను తల్లీ. దీనికేటీ తెల్దు" అని నన్ను చూపించింది.

ఆవిడకి మాట అర్థం కాలేదు. జాడీలో చూసి అర్థం చేసుకుంది. మొహం పాలిపోయింది. చివరికి ఒక పోగు తీసి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "పులుపు ఉంది" అంది ఇంగ్లీషులో. తరవాత నా భుజమ్మీద తల పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

నలభయ్యో రోజు గురువారం, మా వైపు మాటలో లక్ష్మివారం పడింది, అదీ మార్గశిరంలో. విశాఖపట్నంలో మార్గశిర లక్ష్మివారమంటే అమ్మవారి పూజ, ఎంత నిష్ఠో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు మా ఇంట్లో ఎండుచేప వాసన కూడా రాకూడదు. ఇక పంది మాంసమంటే ఏ వారమైనా మా గుమ్మం తొక్కేది కాదు. ఆ పొద్దున్నే కరెంటు పోయింది. ఆవిడది కరెంటు పొయ్యి. పది దాటినా రాలేదు. మధ్యాహ్నం అతను సగం పూట సెలవు పెట్టి వస్తాడు. ఆవిడ క్యాబేజీ జాడీ, గిన్నె, సాసేజీ పట్టుకుని మా ఇంటి బయట నిలబడింది. లోపలికి రాలేదు. ఆ రోజేమిటో ఆవిడకి తెలుసు, నేనే చెప్పాను.

అత్త అప్పుడే పూజ ముగించి, పసుపు రాసుకున్న కాళ్లతో బయటికొచ్చింది. ఆవిడ చేతిలోని గిన్నె వంక చూసింది.

"పెరట్లో రాల్లెట్టు" అంది నాతో. "అమ్మోరికి నాను సెప్పుకుంతాను."

మూడు రాళ్లు పెట్టి సరుగుడు పుల్లలు అంటించాం. గిన్నె పల్చగా ఉంది, అడుగంటుతుందని అత్త తన చేపల పులుసు దాక తెచ్చిచ్చింది. ఆవిడ సాసేజీ చక్రాల్లా కోసి దాకలో వేస్తే కొవ్వు కరిగి, పొగ వాసన, వెల్లుల్లి వాసన పెరడంతా లేచింది. అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఊదుగొట్టం వదల్లేదు. ఉల్లిపాయలు ఆ కొవ్వులోనే ఎర్రగా వేగాయి. క్యాబేజీ గట్టిగా పిండి వేశారు. పిండింది అత్తే, ఆ పనికి ఆవిడ చెయ్యే సరి. నాలుగు మిరియాలు, ఒక బిర్యానీ ఆకు, చిటికెడు పంచదార. మూత పెట్టి, మంట తగ్గించి గంటసేపు అలా ఉడకనిచ్చాం. మధ్యలో అత్త రెండుసార్లు ఎండుమిరపకాయ వంక చూసింది. నేను రెండుసార్లూ తల అడ్డంగా ఊపాను.

దాక పైకి వాళ్లింటికి మోసుకెళ్లాం. అక్కడ బల్ల మీద నాలుగు పళ్లాలు పెట్టారు, అతనికీ ఆవిడకీ మా ఆయనకీ నాకూ. అయిదోది ఎవరూ కూర్చోని కుర్చీ ముందు, పక్కన గ్లాసు, గ్లాసు మీద రొట్టె ముక్క. అత్త తిననంది. గోడవారగా స్టూలు మీద కూర్చుంది. అతను డ్యూటీ బట్టల్లోనే వచ్చి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఆవిడ అతని పళ్లెంలో వడ్డించి, చూస్తూ నిలబడిపోయింది. ఈ నలభై రోజులూ దీనికోసమే ఆగిందని నాకు తెలుసు.

ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. ఫోర్కు కింద పెట్టాడు. ఏదో అన్నాడు.

ఆవిడ మొహం వాడిపోయింది.

"ఏటంతన్నాడ్రా?" అంది అత్త కొడుకుతో.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇది వాళ్లమ్మ చేసినట్టు లేదంటన్నాడు."

అతను అదే మాట మళ్లీ అన్నాడు, ఈసారి ఎవరితోనూ కాదు. ఎవరూ కూర్చోని కుర్చీ వైపు చూసి మూడోసారి అన్నాడు, ఆ అనడంలోనే గొంతు విరిగిపోయింది. అంత మనిషి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమన్నాడు. ఆవిడ వెళ్లి మెడ చుట్టూ చేతులేసి తనూ ఏడ్చింది. అచ్చం తల్లి చేసినట్టే ఉండి ఉంటే అతను ఎప్పట్లాగే రెండు ముద్దలు తిని పళ్లెం జరిపేసి ఉండేవాడేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఏడుపు కాస్త నెమ్మదించేదాకా అత్త కదల్లేదు. తరవాత స్టూలు మీంచి లేచి వెళ్లి, అతని తల మీద చెయ్యి పెట్టింది.

"మీ యమ్మ సేతిది ఇంక రాదు నాయినా" అంది. "ఇది మా సేతిది. తిను."

మా ఆయన దాన్ని రష్యన్‌లో చెప్పబోయి ఊరుకున్నారు. అతను కళ్లు తుడుచుకుని, ఫోర్కు తీసుకుని, తలొంచుకుని పళ్లెంలోది చివరిదాకా తిన్నాడు. తిని, ఖాళీ పళ్లెం ఎత్తి, పక్కనే ఉన్న భార్యకి కాకుండా మా అత్త వైపు జాపాడు. లక్ష్మివారం పూట, పుట్టి బుద్ధెరిగి ఆ మాంసం ముట్టని మనిషి, గరిటె పుచ్చుకుని మళ్లీ వడ్డించింది.